పాలమూరు, నల్లగొండ ఊటలు: నల్లా వచ్చిన కాలంలో పాత నీటికి చోటెక్కడ?

దక్షిణ తెలంగాణ మెట్టనేలల్లో తాగునీటి మాట ఎత్తితే దశాబ్దాల పాటు ఒక్కటే ప్రశ్న వినిపించేది: కృష్ణ నీళ్ళు ఎప్పుడొస్తాయి? నల్లగొండలో ఆ ప్రశ్న ఫ్లోరైడ్ బాధతో, పాలమూరులో కరువుతో, వలసబాటతో ముడిపడి ఉండేది. మిషన్ భగీరథ పైపులు ఊరూరికీ చేరాక దానికి చాలావరకు జవాబు దొరికింది. దాని వెనకే మరో ప్రశ్న లేచింది. గుట్ట కింద ఊరే బుగ్గలు, వాగు ఇసుకలో చెలిమెలు, మెట్లు దిగి ముంచుకున్న మంచినీళ్ళ బావులు ఇప్పుడేం కావాలి? పూడ్చెయ్యాలా, పాత కట్టడాలుగా చూసుకోవాలా, చుట్టుపక్కల ఊళ్ళకు మళ్ళీ నీళ్ళిచ్చేలా బాగు చేసుకోవాలా?

ఈ చర్చలో ఇంజినీర్లు, భూగర్భ శాస్త్రజ్ఞులు, వారసత్వ ప్రేమికులు, ఆదివాసీ సంఘాలు, అటవీ శాఖ తలా ఒక మాట చెబుతున్నారు. ఒకరు తాగే నీటి గురించి మాట్లాడుతుంటే మరొకరు వాడుక నీటి గురించి, ఇంకొకరు భూగర్భజలం నింపడం గురించి మాట్లాడుతున్నారు. అన్నీ కలిసి ఒకే వాదంగా వినబడటంతో అసలు విషయం చిక్కుపడింది. ఆ పోగులను విడదీసి, చరిత్రను, ప్రధాన వాదాలను, ఇంకా తేలని అంశాలను ఒక వరుసలో పెట్టడం ఈ సమీక్ష ఉద్దేశం. మొదటే చెప్పవలసిన మాట ఒకటుంది. ఊట పునరుద్ధరణలో రాతి కట్టడానిది ఆఖరి స్థానం. ఊటకు పైనున్న నేల, ఊరే నీటి నాణ్యత, దాన్ని రోజూ చూసుకునే మనిషి, ఈ మూడూ కుదిరిన చోటే పాత నీరు తిరిగి ఊరి నీరవుతుంది.

ఊట ఎక్కడ పుడుతుంది

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాతినేల. పైన కొన్ని మీటర్ల మేర రాయి నలిగి మొరం అయి ఉంటుంది. దాని కింద పగుళ్ళున్న రాయి, ఆ కింద గట్టి బండ. వాన నీరు మొరంలో దిగి, బండ తగలగానే పక్కకు సాగి, నేల వాలిన చోట బయటపడుతుంది. అలా గుట్ట అంచునో, ఒర్రె మొదట్లోనో, చెరువు కట్ట దిగువనో ఊట కనిపిస్తుంది. ఈ ఊటల నిల్వ మొరం మందాన్ని బట్టే ఉంటుంది. మంచి వానలు పడితే మాఘం దాకా, తక్కువ పడితే సంక్రాంతి దాకా నడుస్తాయి. సగటు వర్షపాతం పాలమూరులో ఏడాదికి 600 మిల్లీమీటర్లు, నల్లగొండలో 750 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ కొద్ది వానతో బతికే ఊటకు పైన నాలుగు బోర్లు పడితే చాలు, ఆగిపోతుంది.

దక్షిణాన అమ్రాబాద్ పీఠభూమి తీరు వేరు. అక్కడ గ్రానైటు మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ పొరలు పరుచుకుని ఉన్నాయి. పగుళ్ళ గుండా దిగిన వాన నీరు ఆ పొరల్లో నెమ్మదిగా ప్రయాణించి, అడుగు రాయి తగిలిన చోట కొండ చరియల్లో బయటికొస్తుంది. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరంలో బండ కింద జాలువారే పాపనాశనం, నల్లమల లోయలోని సలేశ్వరం, మల్లెలతీర్థం ఈ కొండనేల నీళ్ళే. పెంటలు అనే అడవి పల్లెల్లో ఉండే చెంచులు తరతరాలుగా ఇలాంటి జాలు నీటి మీద ఆధారపడ్డారు.

మూడోది, తూర్పున కృష్ణా తీరంలో మేళ్ళచెరువు, మట్టపల్లి వైపున్న సున్నపురాయి నేల. నీరు రాయిని కరిగించి దారులు చేసుకునే నేల ఇది. మేళ్ళచెరువు శివాలయంలో లింగం పైభాగాన రంధ్రంలో నీరు ఊరుతుందని భక్తులు కొలుస్తారు.

మూడు నేలల్లో ఊట పుట్టుక, ఆయుష్షు, నాణ్యత మూడు రకాలు. చర్చలో సగం గందరగోళం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే పుట్టింది. నల్లమలలో పనికొచ్చిన మాటను ఫ్లోరైడ్ బాధ పడిన మునుగోడులో, మునుగోడు భయాన్ని నల్లమలలో వాడుతున్నారు.

చెలిమె నుంచి నల్లా దాకా

పాత ఏర్పాటు ఒకే ముక్కగా ఉండేది. కందూరు చోడుల కాలంలో పానగల్లు దగ్గర తవ్వించిన ఉదయసముద్రం, వనపర్తి సంస్థానంలోని రంగసముద్రం లాంటి చెరువులు పొలాలకు నీరిస్తూనే దిగువ బావుల్లో ఊట నిలిపేవి. వాగుల మీద కత్వలు కట్టి నీటిని మళ్ళించేవారు. తూములు, మత్తడి చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. చెరువుల మరమ్మతుకు నిజాం కాలంలో దస్తబందం ఇనాములు ఇచ్చేవారు. తాగడానికి మాత్రం చెరువు నీటికన్నా ఊరిన నీటినే నమ్మేవారు. వాగు ఎండిన రోజుల్లో ఇసుకలో మోకాలి లోతు గుంత తవ్వి, మొదట ఊరిన బురద నీటిని చిప్పతో తోడి పారబోసి, రెండోసారి ఊరిన తేట నీటిని గుడ్డ కట్టిన బిందెలో పోసుకునేవారు. అదే చెలిమె. ఇసుకే అక్కడ వడపోత. దుందుభి, మూసీ, హాలియా వాగుల్లో ఇసుక లారీలెక్కి పోయిన చోట ఆ వడపోత కూడా పోయింది.

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చెప్పుకోవడానికి రెండు వాస్తవాలు అడ్డు వస్తాయి. ఒకటి నారికురుపు. మెట్లు దిగి కాళ్ళు ముంచి నీళ్ళు పట్టుకునే బావులే ఆ వ్యాధిని తెచ్చే పురుగుకు నెలవు. 1980ల్లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమంలో దిగుడు బావులను మూసెయ్యడం, గోడ కట్టి చేదబావులుగా మార్చడం ముఖ్యమైన పనులయ్యాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా వ్యాధి ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. 1996 తర్వాత దేశంలో కొత్త కేసు రాలేదు. 2000లో భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించారు. పాత బావులను మూయించిన అధికారులు అజ్ఞానంతో ఆ పని చేయలేదు. రెండోది కులం. ఊరి బావి అందరిదీ కాదు. దళితులు బావి గట్టుకు దూరంగా నిలబడి, ఎవరైనా తోడి పోస్తే పట్టుకోవలసి వచ్చేది. ఇంటి ముందుకొచ్చిన నల్లా ఆ అవమానాన్ని చాలావరకు తుడిచింది. పాత బావి గురించి ఎవరు మాట్లాడినా ఈ జ్ఞాపకాన్ని దాటవేయకూడదు.

తర్వాత బోరింగుల కాలం వచ్చింది. కరువుల నడుమ 1970, 80ల్లో ఊరూరా చేతిపంపులు దిగాయి. నీరు లోతుల నుంచి వచ్చింది, దాంతో పాటు ఫ్లోరైడ్ బాధ కూడా పెరిగింది. ఫ్లోరైడ్ తెచ్చే ఎముకల వ్యాధి, ఫ్లోరోసిస్, అంతకు ముందే ఉంది. తెలుగు నేలలో దాన్ని నెల్లూరు ప్రాంతంలో 1937లోనే వైద్యులు గుర్తించారు. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ సిద్దిఖీ వ్యాసం వచ్చింది. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందిస్తే, దానికి ప్రపంచమంతా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు నిలిచింది. ఊరి పేరుతో ఒక వైద్యం ప్రసిద్ధమైనా ఊరి బాధ తీరలేదు. రోజూ మోతాదు చూసి పటిక కలిపే మనిషి, అడుగు మడ్డిని తీసే మనిషి లేక ఆ ప్లాంట్లు చాలా చోట్ల మూలపడ్డాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో నామినేషన్లు వెల్లువెత్తి, నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దేశం అప్పుడు ఈ జిల్లా వైపు చూసింది.

అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు (ఏఎమ్మార్పీ) ద్వారా పుట్టంగండి, అక్కంపల్లి మీదుగా కృష్ణ నీరు రావడం మొదలైంది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించారు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర తొలి దశ ప్రారంభమైంది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యం. రాష్ట్రంలో 2015లో 967గా ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాల సంఖ్య 2020 నాటికి సున్నా అయిందని కేంద్రం పేర్కొంది. వంగిన ఎముకలను ఏ నీరూ సరిచెయ్యలేదు. కానీ తర్వాతి తరం వంగకుండా కాపాడిన పని అది. ఆ గౌరవాన్ని దానికి ఇచ్చి తీరాలి.

నాలుగు వాదాలు

*మొదటిది: నది నీరే దిక్కు.* ప్రజారోగ్య ఇంజినీర్లలో ఎక్కువ మందిది ఈ మాట. నది నీటిని ఒకచోట శుద్ధి చేసి, పరీక్షించి, పైపుల్లో పంపితే లక్షల మందికి ఒకే నాణ్యత అందుతుంది. వేయి ఊటలను వేయి చోట్ల పరీక్షించడం ఏ శాఖ వల్లా కాదు. ఫ్లోరైడ్ నేలలో మళ్ళీ స్థానిక నీటి మాట ఎత్తితే జనం గతానుభవం మరిచిపోయి కొత్త రోగం తెచ్చుకుంటారని వారి భయం. ఆ భయం వెనక ఒక తరం బాధ ఉంది.

దీని బలహీనతలూ ఈ పదేళ్ళలో కనబడ్డాయి. నాగార్జునసాగర్ మట్టం బాగా పడిపోయిన ఏడాది పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు దించాల్సి వస్తుంది. 2020 అక్టోబరులో ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌసు నీట మునిగింది. నీటిని వందల అడుగులు ఎత్తి, కిలోమీటర్ల కొద్దీ నడిపే ఏర్పాటు కరెంటు మీద, మోటార్ల మీద, ఎక్కడో ఉన్న జలాశయం మీద ఆధారపడి ఉంటుంది. లైను పగిలిన రోజు ఊరికి రెండో దారి ఉండాలి. ఇప్పుడు ఆ రెండో దారి చాలా ఊళ్ళలో 20 లీటర్ల క్యాను. ఆర్వో ప్లాంటు వదిలేసే వ్యర్థ నీరు మళ్ళీ మోరీలోకే పోతుంది.

*రెండోది: కట్టడాలు బాగుచేస్తే నీరు అదే వస్తుంది.* 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటల పూడికతీతను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక మట్టి పొలాలకు చేరింది, చెరువు నిండిన చోట బావుల్లో మట్టం లేచింది. ఇటీవల హైదరాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి పునరుద్ధరణతో జిల్లాల్లోని పాత బావుల మీదా శ్రద్ధ పెరిగింది. ఈ వాదం బలం దాని వేగం. పూడిక తీస్తే పని కళ్ళకు కనబడుతుంది, జనం కదులుతారు, నిధులు వస్తాయి.

ఇబ్బందీ అక్కడే ఉంది. బావికి రంగులేసి, గోడలు కట్టి, లైట్లు పెట్టి, చివరికి ట్యాంకరుతో నీళ్ళు నింపితే అది ఊట కాదు, తొట్టి. పైనేలలో బోర్లు ఎన్ని ఉన్నాయో లెక్క చూడకుండా బావి అడుగు తవ్వితే ఒకటి రెండు వానాకాలాల తర్వాత పాత కథే. పైగా చెరువు నీరు ఎండకు ఆవిరవుతూ ఇంకే చోట లవణాలు చిక్కబడతాయి. నీరు పెరిగింది కాబట్టి తాగడానికి పనికొస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

*మూడోది: పైనేల నిలబడితే ఊట నిలబడుతుంది.* భూగర్భ జల శాస్త్రజ్ఞులు, వాటర్‌షెడ్ సంస్థలు చెప్పే మాట ఇది. ఊట కన్ను దగ్గర ఎంత ఖర్చు పెట్టినా లాభం లేదు, దానికి నీరిచ్చే వాలు ఎక్కడుందో గుర్తించి అక్కడ వాన నీటిని నిలపాలి. కందకాలు, రాతికట్టలు, ఊట కుంటలు, చెట్టూ గడ్డీ కాపాడటం, ఆ వాలులో కొత్త బోర్లు వేయకుండా చూడటం ఇందులోకి వస్తాయి. వాన నీరు, నేల తేమ, భూగర్భజలం, పారే నీరు నాలుగింటినీ ఒకే లెక్కలో చూడాలన్న టి. హనుమంతరావు ‘చతుర్విధ జల ప్రక్రియ’ కూడా ఇదే దారిలోని ఆలోచన. ఆయన ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీర్-ఇన్-చీఫ్‌గా పనిచేసినవారు.

ఈ వాదం శాస్త్రీయంగా గట్టిది, అమలులో కష్టమైంది. పైనేల ఒకరిది, ఊట మరొకరిది. గుట్ట మీద రెవెన్యూ భూమి, అడవిలో అటవీ శాఖ, మధ్యలో పట్టా చేలు. ఫలితం రావడానికి మూడు నాలుగు వానాకాలాలు పడుతుంది. అయిదేళ్ళకోసారి మారే సర్పంచ్‌కు అంత ఓపిక ఉండాలంటే ఊరంతా వెంట ఉండాలి.

*నాలుగోది: నీటి మీద హక్కు ఎవరిదో తేల్చకుండా పునరుద్ధరణ లేదు.* ఆదివాసీ సంఘాలు, భాగస్వామ్య నీటి యాజమాన్యం కోసం పనిచేసినవారు ఈ వైపు. 2000ల దశకంలో ఏపీఫామ్స్ ప్రాజెక్టు కింద మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు జిల్లాల్లో రైతులే వర్షమాపకం చదివి, బావుల మట్టం కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి లెక్క వేసుకుని పంటలు ఎంచుకున్నారు. చదువు లేనివారు కూడా భూగర్భజలాన్ని చదవగలరని అది నిరూపించింది. ప్రాజెక్టు నిధులు ఆగాక ఆ కొలతల పుస్తకాలను ఎవరు కొనసాగించాలన్నది ఈ వాదం ఇంకా జవాబివ్వాల్సిన ప్రశ్న.

పక్కపక్కన పెట్టి చూస్తే

- నది పైపు: నాణ్యత ఒక్కతీరు, విస్తృతి ఎక్కువ. దూరపు జలాశయం, కరెంటు మీద ఆధారం. గ్రానైటు మైదానాల్లో తాగడానికి, వంటకు దీనికే మొదటి స్థానం.
- కట్టడాల మరమ్మతు: ఫలితం త్వరగా కనబడుతుంది, ఊరు కదులుతుంది. బోర్లను అదుపు చేయకపోతే నిలవదు. వాడుక నీటికి, పశువులకు, భూగర్భజలం నింపడానికి తగినది.
- పైనేల సంరక్షణ: ఆలస్యంగా వచ్చినా ఎక్కువ కాలం నిలిచే ఫలితం. భూమి యాజమాన్యపు చిక్కులు ఎక్కువ. కొండ ఊటలకు ఇది లేకుండా మరే పనీ నిలవదు.
- హక్కు, ఊరి యాజమాన్యం: ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ కావాలి. బలవంతుల పెత్తనం కిందికి జారే ప్రమాదం ఉంది. మిగతా మూడింటికీ ఇది తోడు కావాలి.

నాలుగూ ఒకదానికొకటి పోటీ అన్నట్టు సాగిన వాదులాటలో అర్థం తక్కువ. పైపు తాగునీటి సమస్యకు జవాబు చెబుతోంది, పైనేల వాదం ఊట ఆయుష్షుకు చెబుతోంది. రెండూ ఒకే ఊళ్ళో ఉండవచ్చు, ఉండాలి.

బయటి అనుభవం ఏం నేర్పుతుంది

తెలుగు నేలలో ఊట నీటిని ఊళ్ళకు తెచ్చిన మంచి పాఠం విశాఖ మన్యంలో ఉంది. పాడేరు, అరకు కొండల్లో విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి లాంటి సంస్థలు ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, ఇసుక వడపోత పెట్టి, మోటారు లేకుండా వాలు మీదే పైపులో నీటిని ఊళ్ళోకి దించాయి. కరెంటు బిల్లు లేదు, మోటారు కాలిపోవడం లేదు. ఊరివాళ్ళే తొట్టి కడుగుతారు, ఇసుక మారుస్తారు.

సిక్కింలో 2008లో మొదలైన ‘ధారా వికాస్’ మరో ఉదాహరణ. అక్కడ ఉపాధి పనుల కింద కొండ పైవాలులో కందకాలు తవ్వి, ఎండిపోతున్న ధారలను తిరిగి పారించారు. స్థానిక యువతకే భూగర్భజల శాస్త్రం నేర్పి ఊటల పటం గీయించారు. హిమాలయ ఊటల్లో దాదాపు సగం ఎండిపోతున్నాయని, లేదా తగ్గిపోతున్నాయని నీతి ఆయోగ్ 2018 నివేదిక హెచ్చరించాక ఈ పని దేశం దృష్టికి వచ్చింది.

రెండు అనుభవాలనూ ఇక్కడికి ఉన్నవి ఉన్నట్టు తేలేం. సిక్కింలో మనకు పడేదానికి ఎన్నో రెట్ల వాన పడుతుంది. పాడేరులోనూ పాలమూరు కన్నా చాలా ఎక్కువ. తెచ్చుకోదగ్గవి రెండు: పైనేల నుంచి పని మొదలుపెట్టే పద్ధతి, ఊరివాళ్ళకే కొలతలు నేర్పే పద్ధతి.

ఆ కొలత ఎంత సులువో చెప్పుకోవాలి. ఊట దగ్గర పది లీటర్ల బకెట్ పెట్టి, నిండటానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. నిమిషం పట్టిందంటే రోజుకు 14,400 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి 55 లీటర్ల చొప్పున 260 మందికి సరిపోతుంది. చూడటానికి సన్నని ధార, కానీ చెంచు పెంటలకు పుష్కలం. అయితే ధార రాత్రీ పగలూ ఒకేతీరుగా పారుతుంది, జనానికి నీరు కావలసింది పొద్దున, సాయంత్రం. అందుకే రాత్రి నీటిని పట్టి ఉంచే ట్యాంకి కావాలి. ఈ కొలతను నెలకోసారి, ఏడాది పొడుగునా రాస్తేనే ఎండాకాలపు అసలు బలం తెలుస్తుంది. శ్రావణంలో కొలిచి పథకం గీస్తే వైశాఖంలో పైపు ఖాళీ.

తొట్టి కట్టడంలోనూ మెలకువ ఉంది. ఊట కన్ను వెనక కడిగిన కంకర పేర్చి, పైన మూత వేసి, నీరు సహజంగా బయటపడే మట్టం కన్నా పైకి నిలవకుండా పొర్లు గొట్టం పెట్టాలి. ఎక్కువ నీరు ఆపాలన్న ఆశతో గోడ ఎత్తు పెంచితే వెనక ఒత్తిడి పెరిగి ఊట మరో పగులు వెతుక్కుంటుంది, ఉన్న కన్ను మూసుకుపోతుంది. పైవైపు వాన నీరు తొట్టిలోకి రాకుండా కాలువ తవ్వాలి, పశువులు తొక్కకుండా కంచె వెయ్యాలి. సిమెంటు ఎక్కువ పోసి ఊటను చంపిన అనుభవాలు కొండ ప్రాంతాల్లో కొత్తవి కావు.

ఇంకా తేలనివి

*లెక్క.* మన దగ్గర చెరువుల లెక్క ఉంది, బోర్ల లెక్క కొంత ఉంది. రెండు పాత జిల్లాల్లో ఏ గుట్ట కింద ఏ ఊట ఏ నెల దాకా పారుతుందో చెప్పే పట్టిక ఊరివాళ్ళ నోటిలెక్కగానే ఉంది. పటం లేని చోట పథకం గాలిలో గీత.

*నాణ్యత.* పైపొర మొరంలో కొద్ది కాలమే ఉండి బయటపడే ఊట నీటిలో, లోతు బోరు నీటి కన్నా ఫ్లోరైడ్ తక్కువగా ఉండే అవకాశం ఉంది. అవకాశం హామీ కాదు. దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ప్రతి ఊటనూ వానాకాలం తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి పరీక్షించాలి. నల్లమల అంచున మరో జాగ్రత్త అవసరం. ఊటలకు దారిచ్చే క్వార్ట్‌జైట్–గ్రానైటు కలయిక దగ్గరే లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ ప్రాంతాల్లో యురేనియం నిల్వలు కనుగొన్నారు. కాబట్టి అక్కడి ఊటల్లో యురేనియం పరీక్ష తప్పనిసరి. అక్కడ తవ్వకాలు జరిగితే ఊటలకు ఏమవుతుందన్న ప్రశ్న కూడా అంతే తప్పనిసరి. 2019 సెప్టెంబరులో నల్లమల యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని ఊటల పటంతో బలపరిస్తే మరింత నిలుస్తుంది.

*కొండ కడుపులో పనులు.* 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. సహాయక చర్యలకు పెద్ద అడ్డంకి లోపలికి ఆగకుండా ఉబికివచ్చిన నీరే. నల్లగొండకు నీరు తేవడానికి తలపెట్టిన ఆ సొరంగం, కొండ లోపల పగుళ్ళలో ఎంత నీరు కదులుతోందో ప్రాణాల ఖరీదు మీద చూపింది. అలాంటి తవ్వకం పైనున్న పెంటల ఊటలను ఎలా మారుస్తుందన్నది ముందే కొలిచి పెట్టాల్సిన విషయం. తూర్పున సున్నపురాయి క్వారీల చుట్టూ ఉన్న బావుల విషయంలోనూ ఇదే.

*చట్టం.* 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోర్లకు అనుమతి, దూరం నియమాలు పెట్టింది. ఊటకు నీరిచ్చే వాలులో బోర్లను ఆపడానికి దాన్ని గట్టిగా వాడిన సందర్భాలు అరుదు. అడవిలో అయితే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) తాగునీటి సరఫరాకు, పైపులైన్లకు, చిన్న నీటి వనరులకు గ్రామసభ సిఫారసు మీద ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి వాడుకోవడానికి వీలు కల్పించింది. అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపలి పెంటలకు రోడ్డూ కరెంటూ లేకుండా నీరివ్వగల మార్గం ఇదే. పులికి, మనిషికి ఒకే ఊట ఆధారమైన చోట, పొర్లు నీరు కిందికి పారి జంతువులకు అందేలా కడితే తగాదాకు తావుండదు. ఈ కుదుర్పు మాటలో సులువే. శాఖల మధ్య ఉత్తరాల్లో మాత్రం ఏళ్ళు పడుతోంది.

*భక్తి, రద్దీ.* బుగ్గ దగ్గర గుడి ఉండటం వల్ల చాలా ఊటలు బతికాయి, చెప్పులు విప్పి దిగే చోట ఎవరూ బట్టలుతకరు. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరలో లోయ నిండిపోతే మిగిలే ప్లాస్టిక్ ఆ రక్షణను తలకిందులు చేస్తుంది. భక్తుల రాకను ఆపకుండా ఊటను ఎలా కాపాడాలన్నది ఆలయ కమిటీలు, అటవీ శాఖ, చెంచు గ్రామసభలు కలిసి తేల్చాల్సింది.

*మనిషి.* ఈ జాబితాలో బరువైన ప్రశ్న ఇదే. నల్లగొండ పద్ధతి ఆగిపోయింది రసాయనం లేక కాదు, చూసుకునే మనిషి లేక. నీరటి వ్యవస్థ పోయాక చెరువు తూములు శిథిలమైంది కూడా అందుకే. ఊటకు తొట్టి కట్టడానికి నిధి దొరుకుతుంది. తొట్టి కడిగే, ధార కొలిచే, నీటి నమూనా పంపే మనిషికి నెలనెలా జీతం ఏ పద్దులో రాయాలో ఇంతవరకు ఎవరూ గట్టిగా తేల్చలేదు.

ఏ వరుసలో నడవాలి

వాదాలన్నీ తూచి చూస్తే ఒక క్రమం కనబడుతుంది. గ్రానైటు మైదానాల్లో, ముఖ్యంగా ఫ్లోరైడ్ బాధ పడిన మర్రిగూడ, మునుగోడు వైపు, తాగడానికి, వంటకు నది నీరే నిలవాలి. అక్కడ పాత ఊటలను వాడుక నీటికి, పశువులకు, లైను ఆగిన రోజు పరీక్షించిన రెండో దారిగా సిద్ధం చేసుకోవాలి. పరీక్ష కాగితం బావి గట్టు మీద తెలుగులో రాసి ఉండాలి. నల్లమల పీఠభూమిలో ఈ వరుస తిరగబడుతుంది. అక్కడ ఊటే మొదటి నీరు, పైపూ బోరూ దానికి తోడు. సున్నపురాయి నేలలో ముందు నీటి దారుల అధ్యయనం, ఆ తర్వాతే పథకం.

ఏ నేలలోనైనా పని వరుస ఒకటే. మొదట ఏడాది పాటు కొలత, పరీక్ష. తర్వాత పైనేల ఎవరిదో గుర్తించి గ్రామసభలో ఒప్పందం, అక్కడ కొత్త బోర్లకు అడ్డు. ఆ తర్వాత కందకాలు, గడ్డి, చెట్టు. తొట్టి, పైపు ఆఖర్న. వీటన్నిటికీ ముందు ఆ ఊట మీద దళితవాడకు, పెంటకు, పెద్దకులాల ఇళ్ళకు సమాన హక్కు ఉంటుందన్న తీర్మానం పంచాయతీ పుస్తకంలో రాయాలి. అది రాయలేని ఊళ్ళో పాత బావి బాగుపడితే పాత అవమానం కూడా దాంతోపాటే తిరిగొస్తుంది.

నీటి కోసం 480 మందిని ఎన్నికల్లో నిలబెట్టిన జిల్లా ఒకటి, పొట్ట చేతపట్టుకుని దేశమంతా వలసపోయి చెరువులు, ఆనకట్టలు కట్టిన జిల్లా మరొకటి. ఈ రెండు జిల్లాలకు నీటి విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. దూరపు నది నీటిని సాధించుకున్న పట్టుదలలో కొంత ఊరి పక్క ఊట మీద పెట్టాలి. ప్రభుత్వం వచ్చే ఏడాది బడ్జెట్‌లో కొత్త కట్టడాలకు ముందు రెండు చిన్న పద్దులు రాయాలి: ఊటల పటానికి ఒకటి, ఊటకు ఒక నీరటికి జీతంగా మరొకటి. ఆ రెండు పద్దులు నిలిస్తే మిగతా పని ఊరు చేసుకోగలదు.